పేరు పిలిస్తే పోయే వైరు

"నాగరత్నమ్మక్కా! ఓ నాగరత్నమ్మక్కా!"

మెట్ల కింద గోడలోంచి పైకి చూస్తున్న పైపుకు నోరు ఆనించి పిలిచింది అరుణ.

"ఈడే ఉండా లేమ్మా, గేటు కాడ! తొయ్యి!" అని ఇంటావిడ పలికింది.

అరుణ తోసింది. నీలం వైరు గడ్డివాములో పాము దూరినట్టు సరసరా పోయింది. కొంచేపటికి మిద్దె మీది నుంచి, పైపులేసే శివకృష్ణ కేకేశాడు.

"ఓ అరుణా! గేటు వైరు నాకాడికి వచ్చిందే!"

పెనుకొండ చుట్టుపక్కల ఈ సన్న వైర్లకు అదొక గుణం. కరెంటు వైరుకు మనిషితో పనిలేదు, పైపు యాడికి పోతే ఆడికి పోతుంది. బెల్లుకీ, కెమెరాకీ, ఫోన్లో వేలు పెడితే వెలిగే దీపాలకీ వేసే సన్న వైరు మాత్రం, అవతలి కొసన ఉన్న మనిషి పేరు పిలిస్తే గానీ కదలదు. ఎవర్ని పిలిస్తే వాళ్ల దగ్గరికే పోతుంది. దీన్ని ఎవరూ వింతనుకోరు. హిందూపురంలో ఐటీఐ చదివిన అరుణకు కూడా ఇది పుస్తకంలో ఎందుకు రాయలేదా అని ఒకసారి అనిపించింది, అంతే.

నాగరత్నమ్మ నర్సు. హిందూపురంలో డ్యూటీలో ఉన్నా గేటు కాడ ఎవరు నిలబడినారో ఫోన్లో చూసుకోవాలని ఆమె ఆశ. రేపు రంగులవాళ్లు వస్తారు. ఈ ఒక్క వైరే మిగిలింది.

వైరు వెనక్కి లాగేసి, ఈసారి మేస్త్రీ కుళ్లాయప్పే పోయి గేటు కాడ నిలబడ్డాడు. అరుణ గట్టిగా పిలిచింది. వైరు మళ్లీ మిద్దె ఎక్కి శివకృష్ణ చేతిలోకే వచ్చింది.

కుళ్లాయప్ప తువ్వాలు విదిలించుకుంటూ లోపలికొచ్చాడు. "దిగి రాప్పా శివకృష్ణా! గోడలో పైపులు యేసినావా, పేగులు యేసినావా?"

"లే మేస్త్రీ. గేటు పైపు నేరుగా గేటుకే యేసినా. స్లాబు పొయ్యక ముందు మీరే చూసిరి కదా."

"చూసినా. అయితే వైరు అబద్ధమాడతాందా?"

వైరు అబద్ధమాడిందని ఇంతవరకూ ఎవరూ వినలేదు.

"ఆ గోడ పగలగొట్టు. యాడ తప్పు కలిపినావో నీ కండ్లతోనే చూడు. ధర్మవరంలో అంత పెద్ద చీరల అంగడి పని పట్టినా, ఇట్ల పైపులేసేవాన్ని ఆడికి తోలుకుని పోతే నా మొగాన ఉమ్మేస్తారు. రేపట్నుంచి నువ్వు రావద్దు."

"కొత్త గోడప్పా! అయ్యో!" అని నాగరత్నమ్మ గుండె పట్టుకుంది.

మేస్త్రీ తోసి చూద్దామన్నా కుదరదు. వైరు చుట్ట విప్పిన చెయ్యే దాన్ని ముగించాలి. మధ్యలో చెయ్యి మారితే వైరు ఎవరి మాటా వినదు.

శివకృష్ణ పైపులేసి వేరే ఇంటికి పోయినాకే ఎప్పుడూ అరుణ పని మొదలయ్యేది. ఇద్దరూ ఒకే కప్పు కింద ఉండగా వైరు తోయడం ఇదే మొదలు. అతన్ని రొద్దం బస్సులో రోజూ చూసేది. అంతకంటే ఎక్కువగా అతను పోయినాక గోడల మీద చూసేది. లోపల పైపు ఉన్నచోట ఎవరూ మేకు కొట్టకుండా పెన్సిలుతో పిచ్చుక బొమ్మ వేసి పోయేవాడు. ప్రతి ఇంట్లో పిచ్చుకలు లెక్కపెట్టేది అరుణ. ఒకదానికి తోక పొడుగు, ఒకదానికి కన్ను పెద్దది. ఈ ఇంట్లో పదిహేడు.

"ఒక్కసారి, మేస్త్రీ. ఇంకొక్కసారి చూస్తా," అంది అరుణ, వైరు వెనక్కి లాక్కుంటూ.

కుళ్లాయప్ప గొణుక్కుంటూ గేటు కాడికి పోయాడు. శివకృష్ణ హాల్లో, ఆ గోడ పక్కనే ఉలీ సుత్తీ పట్టుకుని నిలబడ్డాడు. అరుణ కండ్లు గట్టిగా మూసుకుంది. ఇంకేమీ తలుచుకోకూడదు. మేస్త్రీ మీసం, మేస్త్రీ తువ్వాలు, మేస్త్రీ, మేస్త్రీ.

"కుళ్లాయప్ప మేస్త్రీ!"

వైరు పోయింది. కండ్లు తెరిచింది. గేటు పైపుకు ఏ సంబంధమూ లేని హాలు స్విచ్చి డబ్బాలోంచి, శివకృష్ణ భుజం పక్కన, నీలం కొస ఒకటి మెల్లగా తల బయటపెట్టింది.

అతను దాన్ని చూశాడు. అరుణను చూశాడు. సుత్తి కింద పెట్టి, అరచేత్తో ఆ కొసను కప్పేశాడు.

"వచ్చిందా?" అని నాగరత్నమ్మ అడిగింది.

"యాడా రాలేదక్కా," అన్నాడు శివకృష్ణ. "నా తప్పే. పగలగొడతా." ఒక చెయ్యి డబ్బా మీద నుంచి తీయకుండానే, రెండో చేత్తో ఉలి ఎత్తి తోక పొడుగు పిచ్చుక మీద ఆనించాడు. సుత్తి పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. అయినా అట్లే నిలబడ్డాడు.

అరుణకు ఎవరి మొహమూ చూసే ధైర్యం లేకపోయింది. పైపుకే నోరు ఆనించింది. ఆమె మాట హాల్లోంచి, వంటింట్లోంచి, మిద్దె మీది నుంచి, గేటు కాడ మేస్త్రీ చెవి పక్కనున్న డబ్బాలోంచి ఒక్కసారే వినిపించింది.

"గోడ పగలగొట్టొద్దు మేస్త్రీ. పైపుల్లో తప్పు లేదు. నోటితో అక్కను, మిమ్మల్ని పిలిచినా, మనసులో శివకృష్ణను పిలిచినా. మూడుసార్లూ అంతే. ఈడే కాదు, రొద్దంలో బస్సెక్కినప్పట్నుంచి దిగేదాకా రోజూ వాన్నే పిలుస్తాంటా."