రెండో బక్కెట్టు

ఆ మధ్యాహ్నం గుర్రం పుగో ఒంటి మీద చెమట ఆగిపోయింది. సిరియాకో మొదట సంతోషించాడు. పొద్దుటి నుంచి విగాన్ ఊరి రాళ్ళవీధిలో టూరిస్టులను తిప్పి తిప్పి, బండి విప్పి, గుర్రాన్ని తెచ్చి కొట్టంలో కట్టాడు. ఒళ్ళు ఆరిందంటే చల్లబడినట్టే కదా అనుకున్నాడు. తీరా మెడ మీద చెయ్యి వేస్తే పెనం మీద పెట్టినట్టు చురుక్కుమంది. పొడిగా ఉన్న ఒళ్ళు అంతలా ఎలా కాగుతుందో అతని బుర్రకి ఎక్కలేదు.

పైగా కరెంటు లేదు. ఏప్రిల్ వచ్చిందంటే ఆ ఊళ్ళో కరెంటుకి కూడా సెలవులు కావాలి. కొట్టంలో వేలాడగట్టిన ఫ్యాను ఊరికే దుమ్ము పట్టుకుని ఉంది. మోటారు తిరగక కుళాయి ఎండిపోయింది. పుగో ముక్కుపుటాలు పెద్దవి చేసి, డొక్కలు ఎగిరిపడేలా రొప్పుతోంది. బెల్లప్పాకం వాసన తగిలితే చాలు సకిలించే గుర్రం, ముందున్న పాకం కలిపిన తవుడు నీళ్ళ వైపు తలైనా తిప్పలేదు.

సిరియాకో అత్తగారు ఇసిద్రా చేట తెచ్చి విసరడం మొదలెట్టింది.

"ఊరికే నిలబడి చూస్తావేం అల్లుడూ? కాళ్ళకి కాస్త వెనిగర్ రుద్దు. నీళ్ళు మాత్రం పొయ్యకు, నీకు పుణ్యముంటుంది! పస్మా కమ్మేస్తుంది."

"నాకు తెలీదా అత్తా?"

తెలియకేం. పస్మా అంటే విగాన్‌లో పసిపిల్లలకీ భయమే. కాగిన ఒంటికి చన్నీళ్ళు తగిలితే నరాలు మెలిపడతాయి, చేతులు వణుకుతాయి, మనిషి మూలపడతాడు. ఇస్త్రీ చేసిన ఆడవాళ్ళు ఆ పూట గిన్నెలు తోమరు. బండి తోలి వచ్చిన సిరియాకో వేడి తగ్గేదాకా చేతులైనా కడగడు. గుర్రానికీ అదే చట్టం. పనిలోంచి వచ్చిన గుర్రం ముందు చల్లబడాలి, ఆ తరవాతే స్నానం. ఇది అతని తండ్రి పెట్టిన కట్టడి.

ఆ ఇంట్లో కట్టడి తప్పినవాడు ఒక్కడే, సిరియాకో అన్న లియోన్సియో. కుర్రతనంలో ఒక ఎండాకాలం, తండ్రి గుర్రం దోన్యా ఇలాగే రొప్పుతుంటే జాలిపడి దాని మీద నీళ్ళు గుమ్మరించాడు. సాయంత్రానికి దోన్యా చచ్చిపోయింది. తండ్రి కన్నుమూసేదాకా పెద్దకొడుకుని "గుర్రాన్ని చంపినోడా" అనే పిలిచాడు. లియోన్సియో మళ్ళీ కళ్ళెం పట్టుకోలేదు. వెనక పెరట్లో మట్టి కాగులు చేసుకుంటూ బతుకుతున్నాడు. కొట్టం వైపు కన్నెత్తి చూడడు.

సిరియాకో పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేశాడు.

"చెమట ఆగిపోయిందా? అయ్యో! వెంటనే చన్నీళ్ళు పొయ్యండి," అందావిడ.

"ఇంకా చల్లబడలేదమ్మా."

"చల్లబడలేదు కాబట్టే పొయ్యమంటున్నా! మెడ, డొక్కలు, తొడలు. పోసిన నీళ్ళు అక్కడే వేడెక్కిపోతాయి. వాటిని చేత్తో తోసేసి మళ్ళీ పొయ్యండి. ఆపకండి, నేను బయల్దేరాను."

ఫోన్ జేబులో పెట్టుకుని సిరియాకో బిత్తరపోయి నిలబడ్డాడు. పోస్తే చస్తుందని తండ్రి, పొయ్యకపోతే చస్తుందని డాక్టరమ్మ. తండ్రి జీవితమంతా గుర్రాలతో గడిపాడు. డాక్టరమ్మ గుర్రాల గురించే చదువుకుంది. ఇద్దరిలో ఎవర్ని నమ్మినా రెండోవాళ్ళు గుర్రాన్ని చంపమన్నట్టే. అతనికి ఏడుపొచ్చింది. ఇంతలో పుగో వెనక కాళ్ళు తడబడ్డాయి. సిరియాకో ఇంకేమీ ఆలోచించలేక బక్కెట్లు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాడు. కరెంటుతో పని లేని నీళ్ళు ఆ చుట్టుపక్కల ఒక్కచోటే ఉన్నాయి, అన్న మట్టి తడుపుకునే చేతిపంపు దగ్గర.

లియోన్సియో మోచేతుల దాకా బంకమట్టితో లేచాడు.

"నీళ్ళు కావాలన్నా."

"తాగడానికా?"

"పుగో మీద పొయ్యడానికి."

లియోన్సియో మొహం పాలిపోయింది. "వద్దురా. నీ కాళ్ళు పట్టుకుంటా, వద్దు."

"డాక్టరమ్మ పొయ్యమంది."

"ఆవిడ ఎప్పుడైనా గుర్రాన్ని చంపిందా? నేను చంపాను. నాకు తెలుసు."

సిరియాకో బక్కెట్టు పంపు కింద పెట్టి తనే కొట్టబోయాడు. లియోన్సియో అతన్ని పక్కకి నెట్టి పిడి అందుకున్నాడు.

"నేను కొడతా. పాపం మాత్రం నువ్వే కట్టుకో."

మొదటి బక్కెట్టు మెడ మీద పడగానే పుగో నిలువెల్లా వణికింది. "అదిగో పస్మా! చెప్పానా!" అని ఇసిద్రా చేట పారేసి గుండెలు బాదుకుంది. సిరియాకో చేతులు ఆగిపోయాయి. వణుకు వచ్చిందంటే పస్మా వచ్చినట్టే. తండ్రి చెప్పింది కళ్ళముందే జరుగుతోంది. డాక్టరమ్మని నమ్మినందుకు తనని తాను తిట్టుకున్నాడు.

అప్పుడు గుర్రం పొట్ట మీంచి కారిన నీళ్ళు అతని పాదాల మీద పడ్డాయి. పంపులోంచి చల్లగా వచ్చిన నీళ్ళు కాచినట్టు వెచ్చగా తగిలాయి. ఈ వేడి పుగోదే కదా అనుకున్నాడు. వణుకు మాటేమిటో మాత్రం తెలియలేదు. నీళ్ళు చేత్తో తోసేసి ఇంకో బక్కెట్టు కుమ్మరించాడు. మళ్ళీ పెరట్లోకి పరుగు, మళ్ళీ కొట్టంలోకి పరుగు. లియోన్సియో తల ఎత్తకుండా పంపు కొడుతూనే ఉన్నాడు.

ఎన్ని బక్కెట్లు పోశాడో లెక్కలేదు. ఒకసారి కారిన నీళ్ళు పాదాలకి చల్లగానే తగిలాయి. డొక్కలు నెమ్మదించాయి. పుగో తొట్టిలో మూతి పెట్టి, తవుడు నీళ్ళు జుర్రున పీల్చింది.

"బాగానే ఉంది సంబడం," అంది ఇసిద్రా కళ్ళు తుడుచుకుంటూ. "గుర్రం బతికింది, ఇక నువ్వు పోతావు. నిలువునా తడిశావు, వేడి ఒంటితో!"

సిరియాకో గబగబా చొక్కా విప్పి చేతులు తుడుచుకున్నాడు. పస్మా భయం ఇంకా ఎక్కడికీ పోలేదు.

గుమ్మంలో లియోన్సియో నిలబడి ఉన్నాడు, చేతిలో నిండు బక్కెట్టుతో. ఇన్నేళ్ళలో కొట్టం గడప దాకా రావడం అదే మొదలు. తాగుతున్న గుర్రాన్ని చాలాసేపు చూశాడు. అతని మొహంలో సంతోషం లేదు.

"బతికిందన్నా!" అన్నాడు సిరియాకో.

"మరి దోన్యా ఎందుకు చచ్చిపోయిందిరా?"

"ఏమో. నువ్వు ఒక్క బక్కెట్టే పోశావేమో."

"ఒక్కటే పోశాను," అన్నాడు లియోన్సియో. "రెండోది నింపుకొస్తుంటే నాన్న లాగేసుకున్నాడు."

లియోన్సియో లోపలికి వచ్చి, భయం భయంగా, పుగో మెడ మీద నీళ్ళు వంచడం మొదలెట్టాడు.

"ఇంకెందుకయ్యా, చల్లబడిందిగా," అంది ఇసిద్రా.

"పొయ్యనీ అత్తా," అన్నాడు సిరియాకో.