రెండు బర్నర్ల ఇల్లు

అన్నదమ్ములు వేరుపడ్డారు. గదులు పంచుకున్నారు, గిన్నెలు పంచుకున్నారు. వంటగది ఒక్కటే, స్టవ్వూ ఒక్కటే. అందుకని ఎడమ బర్నరు పెద్దవాడిది, కుడిది చిన్నవాడిది. అమ్మనూ అలాగే పంచుకున్నారు. ఒక నెల ఎడమ, ఒక నెల కుడి.

ఆ ఇంట్లో అగ్గిపెట్టె లేదు, లైటరూ లేదు. అమ్మ చిటికేస్తే వేలి కొసన నీలం మంట లేచేది. పొద్దున్నే కోడళ్ళిద్దరూ పాలగిన్నెలు పట్టుకుని, "అత్తయ్యా, చిటిక!" అనేవారు. వేసేది.

నెల మారిన పొద్దున కుడి బర్నరు వెలగలేదు. మంట వేలి మీదే నిలబడింది గానీ కిందికి అంటుకోలేదు.

"మాది చెడింది. బాగయ్యేదాకా అమ్మ మీవైపు తింటుంది," అన్నాడు చిన్నవాడు.

"మా నెల నిన్నటితో సరి," పెద్ద కోడలు గిన్నె మీద మూత పెట్టేసింది.

"ఒక్క పూటకేమవుతుందక్కా?" అంది చిన్న కోడలు.

"ఒక్క పూటేగా. పస్తుంటే మాత్రం ఏమవుతుంది?"

అమ్మ పళ్ళెం పట్టుకుని రెండు బర్నర్ల మధ్య నిలబడింది.

చిన్నవాళ్ళు బయట తిన్నారు. అమ్మకు పక్కింటావిడ పెట్టిన రొట్టెతో రోజులు గడిచాయి. తమ్ముడి వంతు తన నెత్తిన పడుతుందేమోనని చివరికి పెద్దవాడే మెకానిక్కును పిలిచాడు.

అతను సిలిండరు ఎత్తి చూశాడు. ట్యూబు తడిమాడు. ఎడమ బర్నరు తీసి కుడివైపు పెట్టాడు, వెలగలేదు. కుడిది ఎడమవైపు పెట్టాడు. అమ్మ చిటికకు భగ్గున అంటుకుంది.

"బర్నరు మంచిదే. గ్యాసే రావట్లేదు."

కింద గ్యాసు వచ్చే జెట్టు విప్పి సూది గుచ్చాడు. సూదికి తెల్లగా ఏదో అంటుకొచ్చింది. వాసన చూశాడు.

"సబ్బు. ఇది దానంతటది దూరదు."

చిన్న కోడలు తల తిప్పుకుంది. "గిన్నెలు తోమేటప్పుడు పడుంటుంది," అన్నాడు చిన్నవాడు గోడతో.

"అబ్బో, సబ్బుకు ఎంత గురి!" అంది పెద్ద కోడలు.

అమ్మ ఆ వాసన గుర్తుపట్టింది. తన ఒంటి సబ్బు. అరిగిన ముక్క కనబడక వెతుకుతోంది.

మెకానిక్కు జెట్టు బిగించాడు. "ఇప్పుడు వెలిగించు పెద్దమ్మా."

ఎడమవైపు మంట ఇంకా మండుతోంది. ఆమె దాని మీద చెయ్యి పెట్టి పిడికిలి మూసింది. ఆరిపోయింది.

"చిటికెయ్యమ్మా!" వేరుపడ్డాక మొదటిసారి ఇద్దరూ ఒక్క గొంతుతో అన్నారు.

"నీ కొట్లో చిటికేసేవాళ్ళున్నారా బాబూ?" అమ్మ మెకానిక్కును అడిగింది.

"లేరు పెద్దమ్మా. లైటరు నొక్కీ నొక్కీ బొటనవేలు కాయ కాసింది."

"అన్నం?"

"మా అమ్మాయి వండుతుంది. ఉన్నది ఒకటే పొయ్యి."

అమ్మ పళ్ళెం కడిగి చంకన పెట్టుకుని అతని వెంట వెళ్ళింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఏదీ వెలగలేదు. అగ్గిపుల్ల గీస్తే పొగే. కొత్త స్టవ్వు తెస్తే గ్యాసు బుస్సుమంది, అంతే. అన్నదమ్ములు చెరోవైపు పట్టుకుని దాన్ని మెకానిక్కు కొట్టుకు మోసుకెళ్ళారు.

అమ్మ బల్ల దగ్గర కూర్చుని బాగైన స్టవ్వులు వెలిగించి చూస్తోంది. వాళ్ళదానికీ చిటికేసింది. రెండు బర్నర్లూ సమంగా, నీలంగా మండాయి.

"ఇక్కడ వెలిగిందిగా! మరి ఇంట్లో ఏమైందమ్మా?"

ఆమె రెండూ కట్టేసింది.

"స్టవ్వులో లోపం లేదు," అంది. "తర్వాత ఎవరు?"