ఎర్ర సున్నాలో వీపు

ఆ రోజు ఆమె చేతిలో ఉన్నవి నలభై రెండు ఎంగిలి పళ్ళేలు, ఒక పీచు, పాతికేళ్ళ బేరాల్లో అబ్బిన ఒక నమ్మకం. మంచి సరుకును గుమ్మంలో పెడితే అది తనంతట తానే అమ్ముడుపోతుందని. ఆ నమ్మకమే కొంప ముంచింది.

పొద్దున్నంతా ఆమె భర్తతో పాటు కుళాయిల కొట్టులో కూర్చునేది. బోర్డు మీద పేరు ఆయనది, బేరమాడే గొంతు ఆమెది. అందుకే వీధిలో అందరికీ ఆమె కుళాయిలమ్మ. మధ్యాహ్నం వీధి చివరి పెద్దల కేంద్రానికి వెళ్ళేది. ఒంటరి ముసలివాళ్ళకు అక్కడ ఒక పూట భోజనం, కాసిన్ని కబుర్లు. వీధి సంఘం ఆ కేంద్రం బాధ్యత ఆమెకు అప్పగించింది. అంటే పేరు సంఘానికి, చాకిరీ ఆమెకు.

అక్కడికే కోర్టు ఒకామెను పంపింది. పార్సిల్ వ్యాను నడుపుతూ, ఫోను చూసుకుంటూ, సైకిలు మీద పోయే ఒకాయన కాలు విరగ్గొట్టింది. మొదటి తప్పు గనక జైలుకు బదులు రెండు వందల గంటల సేవ చెయ్యమన్నారు జడ్జిగారు. మధ్యలో మానేసినా, కేంద్రం 'మాకొద్దు' అని రాసిచ్చినా నాలుగు నెలలు జైలు. ముసలాళ్ళు ఆమెకు వ్యానమ్మ అని పేరు పెట్టారు. అప్పటికి నూట నలభై గంటలు పూర్తయ్యాయి. గంట గంటకూ పుస్తకంలో సంతకం పెట్టేది కుళాయిలమ్మే.

"ఇక్కడ శిక్ష ఎలా అమలవుతోందో చూపిస్తామండీ" అని టీవీవాళ్ళు రాగానే ఆమె తలుపులు బార్లా తీసింది. దాచడానికేముంది? వ్యానమ్మ ఆ వేళ లోపలి గదిలో, పక్షవాతం వచ్చిన తాతకు గోళ్ళు తీస్తోంది. ఆయన చెయ్యి ఒకటే వణుకుతుంది గనక ఆ పనికి ఎవరూ ముందుకు రారు. కెమెరా అంత దూరం పోలేదు. పెరట్లో రెండు చుట్లు తిరిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంట్లో వార్తలు పెట్టారు. తెర మీద, తొట్టి ముందు నిలబడి పళ్ళేలు కడుగుతున్న ఆడమనిషి వీపు. దాని చుట్టూ ఎర్ర సున్నా. "కాలు విరగ్గొట్టిన నేరస్తురాలికి ఇదా శిక్ష?" అని ఒకటే అరుపు. కింద ఓట్లు. వందలో తొంభై ఒక్కరు జైలే కావాలన్నారు. ఈ సేవకు తానూ సమ్మతమేనని కాలు విరిగినాయన కోర్టులో చెప్పిన సంగతి మాత్రం ఎక్కడా రాలేదు.

"చూశావా దాని పొగరు!" అన్నాడు భర్త. "ఆ వీపులో ఎక్కడన్నా పశ్చాత్తాపం ఉందా? సొంతింట్లో కడుక్కుంటున్నట్టు!"

అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. "అంట్లు తోమడం కూడా శిక్షేనటే! అయితే నేను యావజ్జీవం చేసొచ్చినట్టే."

ఆమె తెర దగ్గరికి జరిగింది. తెర మీది వీపు మీద నీలం ఏప్రన్ ఉంది. తాడు తెగిపోతే, కొట్టులో పైపుల కట్టలకు చుట్టే పసుపు పట్టీ తెచ్చి కుట్టుకున్నది తనే. ఆ వీపు తనది. ముప్పావంగుళం పైపునూ అంగుళం పైపునూ కళ్ళు మూసుకుని తడిమి చెప్పగలిగిన మనిషి, పాతికేళ్ళుగా చెయ్యి కడుక్కుని లేచినప్పుడల్లా తొట్టి ముందు తనకు ఎదురయ్యే వీపును పోల్చుకోలేకపోయాడు. మొదట నవ్వొచ్చింది. తర్వాత లెక్క చూసుకుంది. అదే తొట్టి, అవే పళ్ళేలు. వ్యానమ్మ కడిగితే శిక్ష చాలదంటారు, తను కడిగితే అసలు పనే కాదంటారు. తనేం తక్కువ తినలేదు. నిరుడు ఎవరి చుట్టూనో ఇలాంటి సున్నా చూసి, 'లోపలెయ్యాల్సిందే' అని ఓటు నొక్కింది. ఆ సున్నాలో ఉన్నది నిజంగా ఎవరని అడగలేదు. చూడకుండా సరుకు కొన్నవాళ్ళలో తనూ ఒకతె.

మర్నాడు కొట్టుకొచ్చిన మేస్త్రీ, "మీ ఆవిడ నేరస్తుల్ని మేపుతోందటగా" అని, కట్టించిన పైపులు అక్కడే వదిలేసి పోయాడు.

"ఇవాళ సంఘం కూర్చుంటోంది" అన్నాడు భర్త. "మాకొద్దని రాసి సంతకం పెట్టు. ఎవతో కోసం మన కొట్టు ముంచుకుంటామా?"

కేంద్రానికి వెళ్తే వ్యానమ్మ కూడా అదే మాట అంది. "రాసెయ్యండక్కా. నాలుగు నెలలెంతలో పోతాయి."

"నోర్మూసుకుని తాతకు మందెయ్యి. ఇంకా అరవై గంటలున్నాయి నీకు."

సాయంత్రం సంఘం కూర్చుంది. సంఘం పెద్ద గొంతు సవరించుకున్నాడు. "లోకమంతా చూసిందమ్మా. ఆ మనిషికి సిగ్గన్నది లేదు."

"ముఖం చూశారా?" అంది కుళాయిలమ్మ.

"వీపు చాలదూ?" అన్నాడు భర్త, అందరివైపూ చూసి నవ్వుతూ.

ఆమె లేచి ఆ పసుపు పట్టీ ఏప్రన్ కట్టుకుంది. గోడవైపు తిరిగి నిలబడింది. ఎవరి ఫోనులోనో నిన్నటి బొమ్మ తెరిచారు. అది చేయీ చేయీ మారి భర్త దగ్గరికొచ్చి ఆగింది.

"తొంభై ఒక్కరు జైల్లో వెయ్యమన్నది నన్ను" అంది ఆమె అటు తిరిగే. "ఆమె అప్పుడు లోపల తాతకు గోళ్ళు తీస్తోంది. రేపట్నుంచి ఆ పని మీలో ఎవరు చేస్తారో చెప్పండి, ఇప్పుడే రాసి సంతకం పెడతాను."

కుర్చీలు కిర్రుమన్నాయి గానీ ఎవరూ లేవలేదు. కాగితం తెల్లగానే ఉండిపోయింది.

టీవీవాళ్ళు తప్పు దిద్దుకోలేదు. మేస్త్రీ మళ్ళీ రాలేదు. అరవై గంటలూ మాత్రం పూర్తయ్యాయి. ఆఖరి గడిలో సంతకం పెట్టి వ్యానమ్మను పంపించి, ఇంటికొచ్చి అందరితో పాటు కూర్చుని తింది. తిన్నాక లేవలేదు.

"ఇవాళ్టినుంచి ఈ పూట అంట్లు మీవి" అంది భర్తతో.

"నేనేం నేరం చేశాను?" ఆయన నిజంగానే తెల్లబోయాడు.

"నేనేం చేశానని?"

అత్తగారు కిసుక్కున నవ్వి, "లేవరా" అంది.

ఆయన కడిగిన పళ్ళేలు మూడు, పగలగొట్టిన గ్లాసు ఒకటి. ఆ గ్లాసు తీసేసినా, మొదటి రోజుకు లాభమే.