డిక్కీలో వాన

పొద్దున కారు తియ్యబోయే ముందు నడకమ్మకి ఒక అలవాటుంది. వెనక్కి వెళ్ళి, డిక్కీ మూతకి చెవి ఆనించి వింటుంది. లోపల వాన పడుతున్న చప్పుడు వినపడితే హమ్మయ్య అనుకుని, వచ్చి స్టీరింగు ముందు కూర్చుంటుంది.

నడకమ్మ అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. పక్షవాతం వచ్చినవాళ్ళకీ, తుంటి విరిగినవాళ్ళకీ ఇళ్ళకి వెళ్ళి మళ్ళీ నడక నేర్పడం ఆమె ఉద్యోగం. ఆమె కాపురముంటున్న పరాయి దేశంవాళ్ళు తమ భాషలో ఆమెని ఏదో పిలుస్తారు, దాన్ని మన మాటల్లోకి తెచ్చుకుంటే నడకమ్మ అవుతుంది.

ఇక వాన సంగతి. అది వాళ్ళ ఊరి వాన. పెళ్ళయిన కొత్తలో మొగుడి వెంట ఆ దేశం బయల్దేరిన రోజు, వరండాలో పెట్టె సర్దుతుంటే జడివాన పట్టుకుంది. ఈదురుగాలికి జల్లంతా వచ్చి తెరిచిన పెట్టెలోనే పడింది. బట్టలు ఎక్కువై మూత పడకపోతే వాళ్ళమ్మ ఎక్కి దానిమీద కూర్చుంది. కూర్చున్నావిడ ఊరుకుంటుందా? అప్పటిదాకా చెప్పిన జాగ్రత్తలు చాలనట్టు ఇంకొకటేదో చెప్పింది. రేకుల మీద వాన మోతకి కూతురికి సగమే వినపడింది. "ఏంటమ్మా?" అని అడిగేలోపు బయట టాక్సీవాడు హారన్ మోగించాడు, పెట్టెకి తాళం పడింది. ఆ దేశం చేరాక, మొగుడి కారు డిక్కీలో తెచ్చిన పెట్టెనైతే దించారు గానీ వాన దిగలేదు. అక్కడే ఉండిపోయింది.

మెకానిక్కు ఒకసారి డిక్కీ మూత కాస్త ఎత్తి తొంగి చూసి, "కింద ఒక రబ్బరు షీటు వేయించుకోమ్మా, తుప్పు పట్టేస్తుంది," అన్నాడు. ఆ సందులోంచే వేయించుకుంది.

ఆ వానలోనే అమ్మ గొంతు కూడా ఉంది. మూత వేలెడంత ఎత్తితే చాలు, తడిమట్టి వాసనతో పాటు "ఒసేయ్ అమ్మడూ, ఒక్క మాట వినవే! మీ..." అని వినపడుతుంది. అక్కడితో ఆగిపోతుంది. మిగతాది వినాలంటే మూత బార్లా తెరవాలి. తెరిస్తే వానంతా ఒక్కసారే కురిసిపోతుంది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది, ఆఖరి చూపుకి కూడా వెళ్ళలేకపోయింది నడకమ్మ. ఆ మాట కాస్తా వినేస్తే ఇంక అమ్మ దగ్గర్నుంచి వినాల్సింది ఏం మిగులుతుంది? అందుకే రేపు విందాం, పండక్కి విందాం అనుకుంటూ వాయిదా వేసుకుంటూ వచ్చింది.

కానీ ఆ దేశంలో రోడ్డెక్కితే చెక్‌పోస్టే. ఇసుక బస్తాలు, నీళ్ళు నింపిన పీపాలు, రోడ్డుకి అడ్డంగా ఎర్రా తెల్లా పట్టీల గేటు, దాని వెనక తుపాకులు. ఇంజను ఆపాలి, అద్దం దించాలి, చేతులు రెండూ స్టీరింగు మీద కనపడాలి. చచ్చినా కారు దిగకూడదు. పేపర్లు చూశాక వాళ్ళడిగే మొదటి ప్రశ్న, "డిక్కీలో ఏముంది?"

"వానండి."

"ఏదీ, తియ్యి."

ఆమె సీటు పక్కనున్న మీట లాగుతుంది. మూత కాస్త పైకి లేస్తుంది. గార్డు తొంగి చూసి, ముఖం మీద పడ్డ తుంపరలు తుడుచుకుని, సరే వెళ్ళు అంటాడు. వంతెన దగ్గరి పెద్ద గార్డయితే తొందరగా మూత వెయ్యడు. కళ్ళు మూసుకుని ఆ వాసన పీలుస్తాడు. వాళ్ళ వైపు వాన పడి ఎన్నేళ్ళయిందో పాపం! ఆయన్ని కాదనలేదు, అలాగని ఊరుకోనూ లేదు. తెరిచినప్పుడల్లా కొంత వాన బయటికి పోతోంది మరి. వచ్చిన కొత్తలో కుండపోతగా ఉండేది. ఇప్పుడు మామూలు వాన అయింది. ఇలాగే పోతే అమ్మ మాట పూర్తిగా వినకుండానే అయిపోతుందేమోనని ఆమె బెంగ.

ఈ బెంగ ఇలా ఉండగా మావగారు దిగారు.

అత్తగారు పోయాక కొడుకు వెళ్ళి తండ్రిని తీసుకొచ్చాడు. తెచ్చినవాడు తన మానాన తను ఆఫీసుకి పోయి, "నాన్నకి ఇంట్లో ఒక్కడికీ పొద్దుపోదు, నీతో తిప్పు," అని చేతులు దులుపుకున్నాడు. మావగారు సర్వీసంతా బస్సు డ్రైవరు. ఇప్పుడు కోడలి పక్క సీట్లో కూర్చుని, కాళ్ళ దగ్గర లేని బ్రేకు తొక్కుతూ ఉంటారు. కారు కదిలిందంటే చాలు, గొంతులో "రైట్... రైట్..." అని గొణుక్కుంటారు.

అది భరించొచ్చు. ఆమెకి ఒళ్ళు మండేది ఇంకొకందుకు. ఆయన ఆమె మాటకి జవాబు చెప్పరు.

"మావయ్యగారూ, టిఫిను బాగుందా?" పలకరు. "మావయ్యగారూ, ఏసీ తగ్గించనా?" రోడ్డు వంక చూస్తూ ఉంటారు. మరీ గట్టిగా అడిగితే అటు తిరిగి ఒకసారి తల ఊపుతారు. అది అవునో కాదో ఆయనకే తెలియాలి. కొడుకు ఎదురుగా కూర్చుంటే మాత్రం లోకాభిరామాయణమంతా మాట్లాడతారు.

"నేనంటే మీ నాన్నగారికి గిట్టదు," అంది మొగుడితో.

"ఛ, ఆయన మనిషే అంత. బిగదీసుకుని ఉంటాడు."

"నాతోనే ఎందుకు బిగదీసుకోవాలి? నేనేం పాపం చేశాను?"

ఆయన మీద కోపంతో ఆమె కూడా మాట్లాడటం తగ్గించేసింది. ఒక్క చెక్‌పోస్టు సంగతి మాత్రం రోజూ చెప్పేది. "మావయ్యగారూ, ఇక్కడ మన ఊళ్ళో లాగా కాదు. ఆపితే దిగకూడదు. జేబులో చెయ్యి పెట్టకూడదు. కాల్చిపారేస్తారు, అర్థమైందా?" ఆయన తల ఊపేవారు. చెప్పాల్సింది చెప్పాను అనుకుని ఊరుకునేది.

ఆ రోజు వంతెన దగ్గరికి వచ్చేసరికి ఎండ బాగా ముదిరింది. ఎదర ఒక్క కారు కూడా లేదు. పెద్ద గార్డు గేటు పక్కన రేకుల గదిలో ఫోను మాట్లాడుతున్నాడు. గేటు ముందు కొత్తవాడు నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి, కళ్ళకింద వాపులు. సరిహద్దు నుంచి అంతకుముందే బదిలీ మీద వచ్చాడట. అక్కడ పక్కనున్న మనిషి ఎలా పోయాడో చూసినవాడు. ఆ సంగతులు తర్వాత తెలిశాయి. అప్పటికి మాత్రం ఆమెకి కనపడింది ట్రిగ్గరు మీద నుంచి తియ్యని వేలు.

ఆమె దూరంగానే కారాపి, ఇంజను కట్టేసి, చేతులు స్టీరింగు మీద పెట్టింది. కొత్తవాడు ఎడమచెయ్యెత్తి, వేళ్ళు ముడిచి రమ్మన్నట్టు ఊపాడు. అంటే కారుని గేటు దాకా తెమ్మని. ఆ దేశంలో కారు తోలే ఎవరికైనా తెలుస్తుంది. కానీ మావగారికి ఆ సైగ ఇంకోలా తెలుసు. సర్వీసంతా రోడ్డు మీద పోలీసువాళ్ళు ఆయన బస్సాపి అచ్చం అలాగే చెయ్యూపేవారు. డ్రైవరూ, కాయితాలు తీసుకుని ఇలా రా అని. కూర్చునే ఉంటే పొగరనుకుంటారని, ఆయన ఎప్పుడూ గబగబా దిగి వెళ్ళి దణ్ణం పెట్టేవారు.

మర్యాద తెలిసిన మనిషి కదా, ఇప్పుడూ దిగారు.

"మావయ్యగారూ! వద్దు! ఎక్కండి!"

ఆయన వినలేదు. తలుపు తీసి వదిలేసి, చెమటకి అంటుకున్న చొక్కా సర్దుకుంటూ ముందుకి నడిచారు. నడుస్తూనే పాస్‌పోర్టు కోసం లోపలి జేబులో చెయ్యి పెట్టారు. కొత్తవాడు తన భాషలో ఆగమని అరిచాడు. ఇంకోసారి అరిచాడు. తుపాకీ భుజానికెక్కింది.

"మావయ్యగారూ!" గొంతు చిరిగేలా అరిచింది నడకమ్మ. ఆయన నవ్వుముఖంతో ముందుకే పోతున్నారు. ఇంత మొండితనమా దేవుడా అని ఏడుపొచ్చింది ఆమెకి. తను కూడా దిగితే ఆ తుపాకీ కచ్చితంగా పేలుతుంది. ఏం చెయ్యాలో తోచలేదు. ఆ కొత్తవాడి చూపు ఒక్క క్షణం అటు మళ్ళితే బాగుండు. ఆ కారులో మనిషి చూపు తిప్పగలిగింది ఒక్కటే ఉంది.

ఇన్నేళ్ళు వేలెడు కంటే ఎక్కువ తెరవనిది, మీట పట్టుకుని తుదకంటా లాగేసింది.

డిక్కీ మూత ధడాలున పైకి లేచింది. వాన మొత్తం బయటికి దూకింది. ఇన్నాళ్ళూ మామూలు వాన అనుకున్నది కారు మీదా, రోడ్డు మీదా, ఇసుక బస్తాల మీదా దబదబా కురిసింది. కొత్తవాడి టోపీ అంచునుంచి నీళ్ళు కారాయి. ఆ వానలోంచి అమ్మ గొంతు, పెట్టెమీద కూర్చుని ఆయాసపడుతున్న గొంతు, మొదట్నుంచి చివరిదాకా పలికింది.

"ఒసేయ్ అమ్మడూ, ఒక్క మాట వినవే! మీ మావగారికి ఎడమచెవి వినపడదు. పాపం ఎవరికీ చెప్పుకోడు. ఎప్పటికైనా నీ దగ్గరికొస్తాడు. కుడివైపు నుంచి పిలువు!"

నడకమ్మకి ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఆ దేశంలో స్టీరింగు ఎడమవైపు. ఇన్ని రోజులూ తను మాట్లాడింది ఆయన ఎడమచెవితోనే. అమ్మ గురించి ఏడవడానికి కూడా టైము లేదు. పక్క సీటు మీదికి జరిగి, ఆయన తెరిచి వదిలేసిన తలుపులోంచి కుడివైపుకి తల బయటపెట్టింది. మావయ్యగారూ అంటే ఆగుతారో లేదో! బస్సాపమని కండక్టర్లు అరిచే మాట నోటికొచ్చింది, అదే అరిచింది.

"హోల్డాన్!"

మావగారి కుడికాలు బ్రేకు తొక్కింది. మనిషి ఉన్నచోట ఉన్నట్టు ఆగిపోయారు.

"చెయ్యి బయటికి తియ్యండి మావయ్యగారూ. రెండు చేతులూ పైకెత్తండి. మెల్లగా."

ఎత్తారు. వాన ఆయన అరచేతుల్లో పడుతోంది. కొత్తవాడి గురి ఇంకా ఆయన గుండె మీదే ఉంది. కానీ నీళ్ళు కళ్ళలో పడి వాడు రెప్పలు కొట్టుకున్నాడు, ముక్కుతో గాలి పీల్చాడు, మళ్ళీ పీల్చాడు. తుపాకీ కొంచెం కొంచెంగా దిగింది. ఈలోపు రేకుల గదిలోంచి పెద్ద గార్డు ఫోను పారేసి పరిగెత్తుకొచ్చాడు. "ఆయన నడకమ్మ మావ! మన నడకమ్మ మావ!" అని అరుస్తూ మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. కొత్తవాడు బస్తాల మీద కూలబడి, ముఖం చేతుల్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. వాన వెలిసేదాకా అందరూ తడిశారు.

తర్వాత కారు పక్కకి తీసుకెళ్ళి ఆపింది. మావగారిని వెనకసీట్లో, తన వెనకాలే కూర్చోబెట్టింది. అక్కడైతే ఎడమచెవి కిటికీ వైపు పోయి, కుడిచెవి కారు లోపలికి ఉంటుంది. తన చున్నీ ఇచ్చి తల తుడుచుకోమంది.

"చెప్పొచ్చు కదండీ మావయ్యగారూ," అంది.

ఆయన తల తుడుచుకుని చున్నీ మడత పెట్టారు. "పాత బస్సుల్లో ఇంజను లోపలే, మన ఎడమపక్కనే ఉండేదమ్మాయ్. ఆ రొదకి పోయింది. చెప్తే ఉద్యోగం పీకేస్తారు. తర్వాత దాచడమే అలవాటైపోయింది. నువ్వేమైనా అంటుంటే తల ఊపేవాణ్ణి. కోడలు నవ్వుతుందేమోనని సిగ్గు."

"నేను మీకు గిట్టదనుకున్నాను."

"అయ్యో! నువ్వు నాతో మాట్లాడవేం అని నేను కుమిలిపోతున్నా."

ఇద్దరికీ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆమె దిగి వెళ్ళి డిక్కీ చూసింది. రబ్బరు షీటు తప్ప ఏమీ లేదు. వంగి చెవి పెట్టింది. నిశ్శబ్దం. మూత మెల్లగా వేసి వచ్చి కూర్చుంది.

"మా అమ్మకెలా తెలుసు మావయ్యగారూ?"

"మీ అమ్మగారా! ఆవిడ రోజూ నా బండిలోనే కదా డ్యూటీకి వెళ్ళేది. బస్సెక్కే ముందు అందరూ తలుపు దగ్గర నిలబడి అరిచేవాళ్ళు. ఆవిడొక్కతే చుట్టూ తిరిగి నా కిటికీ వైపుకొచ్చి, ఏం అన్నయ్యగారూ బాగున్నారా అని అడిగేది. కుడివైపుకి. నేను చెప్పలేదు, కనిపెట్టేసింది. ఎవరితోనూ అనలేదు మహాతల్లి."

నడకమ్మ అద్దంలో ఆయన్నే చూస్తోంది. "ఇంకా?" అంది.

"ఇంకానా? బోలెడు. ఒకసారి పెద్ద వాన. అడుగు ముందు రోడ్డు కనపడటంలేదు. వైపరు పనిచెయ్యదు. మీ అమ్మగారు కండక్టరుని లేపి ఆ సీట్లో కూర్చుని, కిటికీలోంచి గొడుగు బయటపెట్టి..."

"ఉండండి ఉండండి, కారు తీస్తూ వింటాను."

"రైట్ రైట్," అన్నారు మావగారు.

ఊరి చివరి చెక్‌పోస్టు చేరేసరికి ఆయన ఇంకా ఆ వానలోనే ఉన్నారు. బస్సు వాగు దాటుతోంది, అమ్మ గొడుగు గాలికి తిరగబడింది, బస్సంతా నవ్వుతోంది. అక్కడి గార్డు అద్దం దగ్గరికి వంగి, రోజూలాగే డిక్కీలో ఏముందని అడిగాడు.

"ఏమీ లేదండి," అంది నడకమ్మ. "కురిసిపోయింది."

వాడు వెళ్ళి చూసి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ముఖం చిన్నబుచ్చుకుని, వెనకసీట్లో చేతులూపుతూ మాట్లాడుతున్న పెద్దాయన వంక చూశాడు.

"ఈయనేం చెప్తున్నాడు?"

"వాన గురించి చెప్తున్నారు."

గార్డు వెనకాల నిలబడిపోయిన కార్ల వంక ఒకసారి చూశాడు. వాళ్ళని ఆగమని చెయ్యెత్తి, తుపాకీ వీపుకి తిప్పుకున్నాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పూర్తి కానివ్వు," అన్నాడు.