బార్లీ డబ్బా మీది బొట్టు

కువైట్ దక్షిణపు కొసన, వఫ్రాలో ఆ తోట ఇల్లు పెద్ద రోడ్డుకు చాలా దూరం. ఎవరొస్తున్నా ముందు దుమ్ము కనిపిస్తుంది, తర్వాతే బండి. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పటి నుంచీ వెంకటేశ్వరి ఏ పనిలో ఉన్నా ఒక కన్ను ఆ దుమ్ము వైపే ఉంచేది. పప్పులో ఉప్పు వేశానా లేదా అన్నది మరిచిపోయేది గాని, రోడ్డు వైపు చూడడం మాత్రం మరిచిపోయేది కాదు.

కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కుటుంబంతో మొదట్లోనే ఇసుకదారిన సౌదీకి వెళ్లిపోయాడు. వాళ్లు మామా అని పిలిచే యజమానురాలు కారు అద్దం దించి, ఇల్లు జాగ్రత్త, గొర్రెలు జాగ్రత్త అని చెప్పి ఏడ్చింది. పనివాళ్ల పాస్‌పోర్టులు సిటీలోని ఇంట్లో ఇనప్పెట్టెలో ఉండిపోయాయి. అవి లేకుండా ఎక్కడికని పోతారు? అలా ముగ్గురు మిగిలారు. వంట చేసే వెంకటేశ్వరి, తోటపని చేసే ఆమె మొగుడు గంగాధర, డ్రైవర్ అబ్దుల్ సలాం. అందరిదీ రాయచోటి వైపే.

వాళ్లతో పాటు ఆ ఇంట్లో మరో మూడు మిగిలాయి. కఫీల్ వేట తుపాకులు.

ఆయుధాలేవున్నా ఠాణాలో అప్పగించాలని సైనికులు మైకు పెట్టుకుని తోటల మధ్య తిరిగారు. తర్వాత ఎవరింట్లో దొరికితే ఆ ఇంటి మగవాణ్ణి గోడకు నిలబెట్టి కాల్చేస్తామన్నారు. మైకు మాట సలాం తెలుగులో చెప్పగానే వెంకటేశ్వరి మొగుడి వైపు తిరిగింది.

"మూడూ ఇప్పుడే తీస్కపోయి ఇచ్చేసి రాండి" అంది.

"రెండు ఇస్తాం. ఒకటి పెట్టుకుంటాం" అన్నాడు గంగాధర.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"పక్క తోటలో దొంగ నాయాండ్లు దూరి ఏం చేసిపోయినారో నువ్వే గదా చూసొచ్చినావు. నిన్ను పెట్టుకోని ఉత్త చేతుల్తో ఎట్ల కూర్చుండేది?"

పక్క తోట వంటమనిషికి ఆ రోజు నీళ్లు తాగించింది తనే. గ్లాసు పట్టుకోవడం కూడా మరిచిపోయిన ఆ చేతులు కళ్ల ముందే ఉన్నాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గంగాధర ఏళ్ల తరబడి కఫీల్ వెంట వేటకు వెళ్లాడు. తుపాకులు మోసిందీ, తుడిచిందీ అతనే. మధ్యాహ్నం భోజనాలయ్యాక దివానియాలో, అంటే మగవాళ్లు కూర్చునే పెద్ద గదిలో దుప్పటి పరిచాడు. గోడకున్న చెక్క స్టాండు గాళ్లలోంచి మూడు తుపాకులూ తీసి పక్కపక్కన పెట్టాడు. సలాం బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వెంకటేశ్వరి గుమ్మం దగ్గరే నిలబడింది. అక్కడైతే రోడ్డు కనిపిస్తుంది.

మొదటిది దుర్భిణీ బిగించిన పొడుగు రైఫిలు. "ఇది జింకలకు. శానా దూరం పోతాది. మనకు దూరంతో పనేముంది? మన భయమంతా తలుపు కాడికి వచ్చేటోని గురించి. అదీగాక, దొంగల కోసమని ఈ దుర్భిణీది పెట్టుకున్యామంటే ఎవుడు నమ్ముతాడు? పొంచుండి సిపాయిలను కాల్చేటోడు అంటారు."

రెండోది, ఒకసారి నింపితే వరసగా ఐదు దెబ్బలు పేలేది. సలాం దాన్నే చూస్తున్నాడు. "ఇది బాగుండాదన్నా, టపటపా అని."

"బాగుండేది చూసేదానికి. ఇసుక రవ్వ పడితే ఇరుక్కుంటాది. దీనికి రోజూ నూనె పెట్టల్ల. ఆ నూనె వాసనొస్తే చాలప్పా, తుపాకి కనపడే పనే లేదు."

మూడోది పాత జంట గొట్టాల తుపాకి. గంగాధర దాన్ని మోకాలి మీద మధ్యకు విరిచాడు. రెండు గొట్టాలూ ఖాళీ కళ్ల లాగా పైకి చూశాయి. "ఇట్ల తెరిస్తే లోపల తూటా ఉండాదా లేదా కండ్లకు కనపడతాది. ఉందేమో, లేదేమో అనుకునే పని లేదు. తుపాకి ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే. చేతులు వణికేటోడు కూడా తప్పు చెయ్యకుండా ఉండల్ల. ఆమైన, దాని తూటాలు ఇంట్లో ఉండాయా అని చూడల్ల. తూటా లేని తుపాకీ రోకలిబండా ఒకటే."

తూటాల డబ్బాలు తెచ్చి, గొట్టం మీద చెక్కిన నంబరూ డబ్బా మీద నంబరూ పక్కపక్కన పెట్టి చూపించాడు. అవి కలవకపోతే కాల్చేవాడి చెయ్యే పోతుందట. చిన్న రవ్వలవి పిట్టలకు, పెద్ద రవ్వలవి నక్కలకు. అడుగు ఇత్తడి మీద పచ్చగా చిలుం పట్టినవి ఏరి పక్కన పడేశాడు. చెమ్మ తగిలిన తూటా పేలకపోవచ్చు, పేలలేదని మొహం దగ్గర పెట్టుకుని చూసేటప్పుడు పేలొచ్చు. తోలు సంచి మీద సలాం చెయ్యి వేస్తే తీసి అవతల పెట్టాడు. "అందం చూసి మోసపోవాకు. తోలు చెమ్మ పీల్చి ఇనుముకు తుప్పు పట్టిస్తాది. తుడిచే కడ్డీ, పొడిగుడ్డ. అంతే."

సలాం అప్పటికే తూటాల బెల్టు భుజానికి తగిలించుకున్నాడు. "వదినా, బందిపోటు మాదిరి లేనూ?"

"ఉండావు. గోడకు నిలబెట్టేటోళ్లకు కూడా అట్లే కనపడతావు."

సలాం బెల్టు తీసి దుప్పటి మీద పెట్టేశాడు.

"ఇంత చెప్తివి. దాచేది యాడనో చెప్పకపోతివి" అంది వెంకటేశ్వరి మొగుడితో.

గొర్రెల షెడ్డులో బార్లీ గింజలు పోసే పెద్ద ఇనప డబ్బాలు నాలుగు గోడ వారన వరసగా ఉంటాయి. ఆ చివరి డబ్బాలో, గింజల అడుగున, గుడ్డ చుట్టి పెట్టారు. గింజ పొడిగా ఉంచుతుందన్నాడు గంగాధర. "తూటాలు విడిగానే పెట్టు. నింపి పెట్టాకు" అని ఆమె చెప్పింది. సరేనన్నాడు. రెండే రెండు తూటాలు ఉంచుకుని, మిగతా తూటాలనూ బెల్టునూ ఆ రెండు తుపాకులనూ సలాం పికప్పులో వేసుకుపోయి ఠాణాలో ఇచ్చి వచ్చాడు.

గోడకున్న చెక్క స్టాండు సంగతి ముగ్గురికీ తట్టలేదు. రోజూ దాని దుమ్ము దులిపే వెంకటేశ్వరికి కూడా తట్టలేదు.

కొన్నాళ్లకు ఒక అధికారి ఇద్దరు సైనికులతో నీళ్ల కోసమని ఆగాడు. దివానియాలో కూర్చుని టీ తాగాడు. తాగుతున్నంత సేపూ అతని చూపు స్టాండు మీదే ఉంది. మూడు గాళ్లు. ఠాణాకు వచ్చినవి రెండు. ఏమీ అడగలేదు. గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. వెంకటేశ్వరి ఆ చూపు వెంట తన చూపు పోనిచ్చింది. అప్పుడు అర్థమైంది.

"ఆ స్టాండు పొయ్యిలో పెట్టేస్తా" అంది.

"చూసి పోయినాక తీసేస్తే ఇంకా అనుమానం గదా" అన్నాడు గంగాధర.

"అయితే తుపాకి తీసేయ్."

"పండగ పోనీ."

దసరా వచ్చింది. ఊళ్లో ఉంటే గంగాధర నాగలి దగ్గర నుంచి కొడవలి దాకా కడిగి బొట్టు పెట్టేవాడు. వఫ్రాకు వచ్చాక కూడా ఒక్క ఏడూ మానలేదు. పొద్దున్నే నీళ్లు పోసుకుని పంపుసెట్టు, పారలు, కొడవళ్లు, పికప్పు బానెట్టు, అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ లేదని గుమ్మడికాయ పగలగొట్టాడు. వెంకటేశ్వరి వంటింట్లో బొరుగులు, బెల్లం కలుపుతోంది. ఆ ఒక్క పూటా ఆమె మనసు కాస్త తేలికపడింది.

పళ్లెం పట్టుకుని కిటికీలోంచి చూసింది. దుమ్ము.

గొర్రెలను లోపలికి తోలుదామని షెడ్డులోకి పరుగెత్తింది. తోలుతూ తోలుతూ ఆగిపోయింది. వరసలో ఉన్న డబ్బాల్లో చివరి డబ్బా మూత మీద, సరిగ్గా నడిమధ్యన, ఎర్రటి కుంకుమ బొట్టు. చుట్టూ పసుపు. మిగతా డబ్బాలన్నీ బోసిగా ఉన్నాయి.

ఆయుధాల పండగ నాడు ఆయుధానికి బొట్టు లేకపోతే ఎలా అనుకున్నాడు ఆ మహానుభావుడు. తుపాకిని పగటిపూట బయటికి తీయలేక మూతకు పెట్టాడు. దొంగ సొమ్ము ఇక్కడుందని బోర్డు రాసి పెట్టినట్టు.

కొంగుతో తుడిచింది. తడి కుంకుమ ఇనుము మీద అప్పటికే ఎండి పట్టేసింది. దుమ్ము పట్టిన మూతలో తుడిచిన చోటు మాత్రం తళతళమంటోంది. ఇంకా అన్యాయం. తుడవడం ఆపేసింది. బండి చప్పుడు వినిపిస్తోంది.

ఒక్క మూతకు బొట్టుంటే అది గుర్తు. అన్నిటికీ ఉంటే అది పండగ.

గంగాధర అక్కడే వదిలేసిన పూజ సామానులో కుంకుమ అడుగంటింది. కానీ పసుపు ఉంది. గ్రీన్‌హౌసుల మీద ఎండ ఆపడానికి పూసే సున్నం బస్తా షెడ్డులోనే ఉంది. గొర్రెల తొట్టిలోని నీళ్లు చెంబులో ముంచి పసుపూ సున్నమూ కలిపింది. చూస్తుండగానే అది పారాణిలాగా ఎర్రగా తిరిగింది. వేళ్లు ముంచి మిగతా డబ్బాల మూతలకు పెట్టింది. తొట్టికి పెట్టింది, తలుపుకు పెట్టింది, బకెట్లకు, తోపుడు బండికి, కుళాయికి పెట్టింది. కాళ్లకు అడ్డం పడ్డ గొర్రెల నుదుళ్ల మీద కూడా పెట్టింది. సున్నానికి చేతులు మండుతున్నాయి. గంగాధర వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. అతని మొహంలో రక్తం లేదు. తను చేసిందేమిటో అప్పుడు తెలిసినట్టుంది.

"కదలాకు. నవ్వు మొహం పెట్టు. పండగ" అంది ఆమె.

వచ్చింది ఆ అధికారే. నేరుగా దివానియాలోకి పోయి, స్టాండు మూడో గాడిలో వేలు పెట్టి, ఇది ఎక్కడ అని అడిగాడు. బాబా, అంటే యజమాని, సౌదీకి తీసుకుపోయాడని సలాం అరబ్బీలో చెప్పాడు. అధికారి సలాం మొహాన్నే చూస్తూ వెతకమని చెయ్యి ఊపాడు. పరుపులు చించారు. పిండి కుమ్మరించారు. ఆఖరికి షెడ్డులోకి వచ్చారు.

అంతటా ఎర్రటి బొట్లు చూసి ఆగిపోయారు. ఏమిటిదని అడిగాడు అధికారి.

"ఈద్. ఈద్ హిందీ" అంది వెంకటేశ్వరి చెంబు చూపిస్తూ, ఇది మా దేశపు పండగ అన్నట్టు.

అధికారి మొదటి మూత మీది బొట్టు ముట్టుకున్నాడు. వేలికి ఎరుపు అంటింది. మొహం చిట్లించి రెండోది ముట్టుకున్నాడు. అదీ తడే. సైనికుడు మూత తీసి తుపాకి కొనతో గింజల్లో పొడిచి చూశాడు. మూడోది. అధికారి మళ్లీ వేలు పెట్టాడు. అప్పుడు వెంకటేశ్వరికి తెలిసింది. తను పెట్టినవన్నీ తడిగా ఉన్నాయి. చివరి మూత మీద తుడిచి వదిలేసిన పొద్దుటి కుంకుమే ఉంది. పొడిగా.

ఆలోచించేందుకు వ్యవధి లేదు. పూజ మధ్యలో ఆపేసిన మనిషిలాగా ముందుకు నడిచి, చెంబులో చెయ్యి ముంచి, చివరి మూత మీద అరచేతి నిండా ఎరుపు పులిమింది. అక్కడితో ఆగితే ఆ మూతే గుర్తవుతుంది. అందుకని ఆగలేదు. వెనక్కి తిరిగింది. ఎదురుగా సైనికుడు, భుజాన అతని తుపాకి. తుపాకిని చూపించి, ఆకాశం వైపు చేతులు జోడించి, దాని చెక్క పిడి మీద బొట్టు పెట్టబోయింది. ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అది నవ్వనుకున్నారో ఏమో.

సైనికుడు ఎగిరి వెనక్కి దూకాడు. ఎర్రటి చుక్కలు అతని చొక్కా మీద పడ్డాయి. రెండోవాడు పగలబడి నవ్వాడు. మొదటివాడు మాయ, మంత్రం అని ఏదో అరుస్తూ ఇసుకతో చొక్కా రుద్దుకున్నాడు. ఇక ఏ మూతనూ ముట్టనన్నాడు. అధికారి వాణ్ణి తిట్టాడు. తన వేలి మీది ఎరుపు వైపు చూసుకున్నాడు. దాన్ని గొర్రె వీపుకు తుడిచి, "యల్లా" అని బయటికి దారి తీశాడు.

పోతూ పోతూ పికప్పు తీసుకుపోయారు. బొట్టు పెట్టిన బానెట్టు దుమ్ములో దూరమవుతుంటే సలాం నేల మీద కూలబడ్డాడు. ఆ ఇంటికి ఉన్న ఒకే ఒక్క బండి అది.

"ఆ తుపాకి బయటికి తీయి" అంది వెంకటేశ్వరి.

గంగాధర గొణిగాడు. "పూజ చేసిన ఆయుధం ఈ పొద్దు ముట్టకూడదే. రేపు..."

"దేవునికి నేను చెప్పుకుంటాలే."

ఆమే డబ్బాలోకి వంగి గింజలు తోడింది. గుడ్డ మూటను చంకన పెట్టుకుని గ్రీన్‌హౌసుల వెనక ఉప్పునీళ్ల పాత బావి దగ్గరికి నడిచింది. గంగాధర వెనకే వచ్చాడు, ఏదో చెప్పబోయి చెప్పలేకపోతూ. బావి గట్టు మీద గుడ్డ విప్పి, అతను చూపించినట్టే మోకాలి మీద పెట్టి మధ్యకు విరిచింది.

గొట్టాలు ఖాళీగా లేవు. రెండు ఇత్తడి కళ్లు ఆమెను చూశాయి.

సైనికుడు గింజల్లో పొడిచిన చప్పుడు చెవుల్లో మళ్లీ వినిపించింది. ఒక్క డబ్బా ఇవతల ఆగిపోయాడు వాడు.

"నింపి పెట్టినావా?"

"వాళ్లొస్తే తీసి నింపేదానికి టైముండదనీ..." అన్నాడు గంగాధర. "నీ కోసమే."

ఆమె గోళ్లతో తూటాలు పీకి ఒకటి తర్వాత ఒకటి నీళ్లలో వేసింది. తర్వాత తుపాకి వేసింది. అది మునిగేదాకా గట్టు పట్టుకుని చూసింది. సున్నానికి అరచేతులు పొక్కిపోయి, మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"చేతులు కడుక్కో" అన్నాడు గంగాధర మెల్లగా.

వెంకటేశ్వరి రోడ్డు వైపు చూసింది. దుమ్ము లేదు. అయినా కాసేపు చూస్తూనే నిలబడింది. ఆ తర్వాత షెడ్డు గోడకు ఆనించి ఉన్న కొడవలి, పొద్దున గంగాధర బొట్టు పెట్టినది, తలుపు పక్కన ఉంచుకోవడానికి తీసుకుని ఇంట్లోకి నడిచింది.