పదకొండు గంటల బస్సు

టేక్మాల్ దిక్కు నుంచి మెదక్ వచ్చే ఆటోలను మనం రోజూ చూస్తూనే ఉంటాం. లోపల ఒకరి ఒళ్లో ఒకరు, వెనక కమ్మీ పట్టుకుని వేలాడే కాలేజీ పిల్లలు. చూసి చూసి మనకది మామూలైపోయింది.

అలాంటి ఆటో ఒకటి ఆ సోమవారం మలుపులో బోల్తా పడింది. మెదక్‌లోని డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే దేవిక కబురందగానే దవాఖానకు ఉరికింది. ఆమె విద్యార్థిని ఫేబకు కాలు విరిగింది. పక్క మంచం మీద తలకు కట్టుతో కూలి మనిషి దుర్గమ్మ.

"మేడమ్, పోయినేడు మా ఊరొచ్చి బస్సు ఎప్పుడు గావాల్నని అడిగింది మీరే గదా? పొద్దుగాల్నే గావాల్నని అందరం చెప్తిమి. ఏమాయె?" అని అడిగింది దుర్గమ్మ.

రవాణా అధికారులు కోరితేనే దేవిక తన విద్యార్థులతో ఊరూరూ తిరిగి ఆ సర్వే చేసింది. ఆ దారిలో నడిచే పదకొండు గంటల బస్సు ఖాళీగా పోవడానికి కారణం వేళ తప్పడమేననీ, కూలీలు, విద్యార్థులు, రోగులు బయలుదేరే ఏడింటికి నడిపితే నిండుతుందనీ తేల్చింది. అధికారులు శాలువా కప్పి మెచ్చుకున్నారు. నెల తిరక్కముందే ఉన్న ఆ ఒక్క బస్సునూ ఎత్తేశారు.

దేవిక నేరుగా రవాణా అధికారి మదన్ మోహన్ గదిలోకి పోయింది.

"ఆ రూట్ల కలెక్షన్ లేదు మేడమ్. ఖాళీ బస్సు ఎట్ల నడుపుమంటరు?" అన్నాడాయన.

"ఎందుకు ఖాళీనో చెప్పుమని మమ్మల్ని ఊర్లు తిప్పింది మీరే! మేం రాసింది చదివిండ్రా అసలు?"

"మంచిగనే రాసిండ్రు. గానీ లీడర్లు ఆ బస్సు వేరే దిక్కు కావాల్నన్నరు..."

దేవిక ఒళ్లు మండిపోయింది. "ఒక్క లీడర్ ఫోన్ చేస్తే బస్సు కదుల్తది, ఇన్ని ఊర్ల జనం చెప్తే కదలదు! ఆటో డ్రైవర్ మీద కేసు రాసిండ్రట. రాయాల్సింది ఈ ఆఫీసు మీద!"

మర్నాడు విద్యార్థులు, పల్లెజనం కలిసి డిపో ముందు బైఠాయించారు. ఎండ ముదిరేసరికి అధికారులు దిగొచ్చారు. ఏడింటి బస్సు మొదలైంది. వారం తిరిగేసరికి నిలబడేందుకు కూడా చోటు లేకుండా నిండింది.

"చూసిండ్రా మేడమ్, సక్సెస్!" అని మదన్ మోహన్ చేతులు కలపబోయాడు. దేవిక చెయ్యి చాపలేదు.

"ఇది నిరుడే నడవాల్సిన బస్సు సార్. ఫేబ ఇంకా మంచం దిగలేదు. జనాన్ని అడిగి తెలుసుకున్న నిజాన్ని పక్కన పడేసి తీర్మానాలు చేసేటోళ్లు, ఆ జనం కార్చిన నెత్తురుకు జవాబు చెప్పాల్సిందే!"