అత్తయ్య తీగ

మా ఇంట్లో తీగ కట్టు లేకుండా నిలబడే వస్తువు తక్కువ. కుర్చీ కాలు, జల్లెడ పిడి, గొడుగు ఊచ, అత్తయ్య కళ్ళజోడు, అన్నీ మావారి చేత తీగ చుట్టించుకున్నవే. కరెంటు పనివాళ్ళు వీధిలో వదిలేసిన ముక్కలు కూడా ఆయన జేబులో వేసుకొస్తారు. అది తల్లి పోలిక. అత్తయ్య రంగురంగుల ప్లాస్టిక్ వైరుతో బుట్టలు అల్లుతుంది. ఈ వీధిలో కూరలకు వెళ్ళే చేతుల్లో సగం ఆవిడ బుట్టలే.

అలాంటి మనిషి వానలో మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. డాక్టరు లోపల సన్నటి స్టీలు తీగ గుచ్చి ఎముకను నిలబెట్టాడు. ఎముక అతికాక తీగ తీసేశాడు. వేళ్ళు మాత్రం బిగుసుకుపోయాయి. రోజూ ముడవకపోతే ఇక ఎప్పటికీ అంతేనని చెప్పి, పిసకడానికి రబ్బరు బంతి ఇచ్చాడు.

"బంతాట ఆడే వయసా నాది?" అంది అత్తయ్య.

సగం అల్లిన నీలం బుట్ట మంచం కిందికి పోయింది. నేను రోజూ దీపం పెట్టి ఆ వేళ్ళ కోసమే దండం పెట్టుకునేదాన్ని. బంతి ముట్టనివారి తరఫున మొక్కుకోవడం న్యాయమేనా అని మధ్యలో అనుమానం వచ్చేది. అయినా మొక్కేదాన్ని.

చేతిలోంచి తీసిన తీగను ఆవిడ అడిగి మరీ తెచ్చుకుని, కిటికీలో ఒక గిన్నెలో పెట్టుకుంది. మా ఇంట్లో అది పిల్లి ముందు పాలు పెట్టడమే. ఒక ఆదివారం చూస్తే గిన్నె ఖాళీ.

"నా తీగేదిరా?"

"ఏ తీగమ్మా?"

"నా చేతిలోది."

మావారి ముఖం వాడిపోయింది. దేవుడి గది గొళ్ళేనికి మేకు ఊడిపోతే ఆ స్టీలు తీగ దూర్చి, జారకుండా దాని మీద సన్నతీగ చుట్టేశారు.

"నీదని తెలీలేదు. గట్టి తీగ, మళ్ళీ దొరకదనుకున్నా."

"ఎలా దొరుకుతుంది? చెయ్యి విరగ్గొట్టుకుంటేగానీ ఇవ్వరు."

"ఉండు, కటింగ్ ప్లేయరు తెస్తా."

"నువ్వు ముట్టుకోకు. నా ఎముకలో ఉన్నదాన్ని గొళ్ళెం చేశావు, ఇంకేం చేస్తావో."

ఎడమచేత్తో గొళ్ళెం అదిమిపట్టి, కుడిచేతి వేళ్ళతో తీగ కొస పట్టుకోబోయింది. జారింది. మళ్ళీ పట్టింది. ఒక తిట్టు, ఒక చుట్టు. వేళ్ళు ముడుచుకుంటున్నాయి. నేను నోరు తెరిచేసరికి మావారు వద్దని కళ్ళతోనే వారించారు. దేవుడు నా దండాలకు ఈయన చేతివాటంతో జవాబు చెప్పాడా? ఆ గుమ్మంలో నిలబడే అడిగాను. ఏమీ తెలియలేదు.

మర్నాడు చక్కెర డబ్బాకు తీగ చుట్టి ఉంది. ఆ మర్నాడు మందుల డబ్బాకు.

"దీనికి తీగేమిటే?"

"మూత వదులైందట, అత్తయ్యా."

"మొగుడికి తగ్గ పెళ్ళానివి," అంటూనే విప్పింది. తర్వాత తన వేళ్ళకేసి కాసేపు చూసుకుంది. "ఇక చాలించండి మీ నాటకాలు. తీగ సమంగా చుట్టడం కూడా రాదు వాడికి. మంచం కింద బుట్ట ఇటు తీసుకురా."

మొదటి వరస వదులుగా వచ్చింది. విప్పేసి మళ్ళీ మొదలుపెట్టింది.